గర్భిణియు మధుమేహపు మాత్రయు



పల్నాటి సీమలో మాచర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో ఎత్తిపోతల యున్నది. చంద్రవంక యేరు సుమారు 70 అడుగుల యెత్తునుండి దూకి, లోయవెంబడి సాగి, కృష్ణలో కలియు తావది. జలపాతమును జూచుటకు దూరప్రాంతములవారు వత్తురు. లోయలోని దత్తాత్రేయస్వామిని సేవించుటకు తండాలవారు వత్తురు. చూచిపోవువారికి అది సుందరస్థలము. ఆ చెంతనే కాపురముండు గృహిణికి మాత్రము పెద్ద ఆసుపత్రి దూరము, ఎండ తీవ్రము, ఇంటిపని యెడతెగనిది. ఈ మాసమున మేము చెప్పదలచినది అట్టి గృహిణిని దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. పట్టణమందలి సోదరీమణులకును ఇది యక్కరకు వచ్చును.

ఆరవ నెల గర్భిణి యొకతె యున్నదనుకొందము. పరీక్షలో రక్తమునందు చక్కెర యెక్కువగా నున్నదని తేలినది. రెండు వారములు పథ్యము చేసినను తగ్గలేదు. డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ అను మాత్రను వ్రాసి యిచ్చినది. చీటీ యింటికి వచ్చినతోడనే చర్చ మొదలగును. "కడుపుతో నున్నప్పుడు బిళ్ళలు మ్రింగరాదమ్మా, బిడ్డకు తగులును" అని అత్తగారందురు. "పురుడు వచ్చినపిదప దానంతటదే పోవునట, అందాక ఓర్చుకో తల్లీ" అని కన్నతల్లి యనును. "మా నాయన వాడునదియు చక్కెర బిళ్ళయే గదా, ఆ డబ్బాలోనివే వేసికొనరాదా?" అని భర్త యనును. ముగ్గురును ప్రేమతోనే పలికిరి. అయినను ముగ్గురి మాటవలనను ముప్పు కలుగవచ్చును. ఎందుచేతనో యిక్కడ వివరింతుము.

గర్భమునందు చక్కెర యేల పెరుగును?

మనము తినిన యన్నము రక్తములో చక్కెరగా మారును. ఆ చక్కెరను శరీరమునందలి కణములలోనికి చేర్చు పని ఇన్సులిన్ అను రసముది. గర్భము పెరిగినకొలది మాయనుండి పుట్టు రసములు తల్లి శరీరమున ఇన్సులిన్ పనిని మందగింపజేయును. బిడ్డకు ఆహారము చాలినంత అందుటకై ప్రకృతి చేసిన యేర్పాటిది. చాలమందిలో శరీరము మరికొంత ఇన్సులిన్‌ను పుట్టించి సరిపెట్టుకొనును. కొందరిలో అట్లు చాలదు. అప్పుడు చక్కెర నిలిచిపోవును. దీనినే గర్భకాలపు మధుమేహమందురు. ఇది మిఠాయిలు తినినందున వచ్చిన శిక్షయు గాదు, కోడలి నిర్లక్ష్యమును గాదు. తల్లిదండ్రులలో ఈ వ్యాధి యున్నవారికి, స్థూలకాయులకు, వెనుకటి కాన్పులో పెద్దబిడ్డను కన్నవారికి ఇది వచ్చుటకు అవకాశ మధికము. సన్నగా నుండువారికిని రావచ్చును.

తల్లి రక్తమందలి చక్కెర మాయను దాటి బిడ్డకు పోవును; తల్లి ఇన్సులిన్ మాత్రము పోదు. కావున బిడ్డ తన ఇన్సులిన్‌నే అధికముగా పుట్టించుకొని మిక్కిలి కొవ్వుపట్టి పెరుగును. కాన్పు కష్టమగును, భుజములు చిక్కుకొనవచ్చును, శస్త్రచికిత్స యక్కర కలుగవచ్చును. బొడ్డుత్రాడు కోసినపిదప తల్లినుండి వచ్చు చక్కెర ఆగిపోవును గాని బిడ్డలోని ఇన్సులిన్ తగ్గదు. అందువలన పసిబిడ్డకు చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. తల్లికి రక్తపుపోటు పెరుగు ప్రమాదమును గలదు. అత్తగారు "బిడ్డకు తగులును" అని బిళ్ళనుగూర్చి భయపడిరి గదా. అదుపులేని చక్కెర బిడ్డకు నిక్కముగా తగులుచున్నదని వారు మొదట గ్రహింపవలెను. మాత్ర వలదనినంత మాత్రమున బిడ్డ క్షేమముగా నుండునని తలచుట పొరపాటు.

పరీక్ష

ఈ వ్యాధికి నొప్పి లేదు. దాహము, అలసట కలిగినను గర్భిణికి అవి సహజమేయని తలతుము. కావున పరీక్ష లేక తెలియుట కష్టము. మన దేశమున ఈ పరీక్షను సులభముచేసి ఊరూర జరుగునట్లు పాటుపడినవారిలో చెన్నపట్టణపు వైద్యులు డాక్టరు వి. శేషయ్యగారు ముఖ్యులు. వారి జన్మదినమగు మార్చి 10ని మన దేశమున గర్భకాలపు మధుమేహమునుగూర్చి తెలియజెప్పు దినముగా జరుపుచున్నారు.

పరీక్ష యిట్లుండును. 75 గ్రాముల గ్లూకోసును 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి అయిదు పది నిమిషములలో త్రావింతురు. అన్నము తిని వచ్చినను, పరగడుపున వచ్చినను భేదము లేదు. రెండు గంటల పిదప రక్తము పరీక్షింతురు. డెసిలీటరునకు 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో గర్భకాలపు మధుమేహమని నిర్ణయింతురు. త్రావిన యరగంటలోపల వాంతియైనచో మరునాడు మరల చేయింపవలెను. కేంద్ర ఆరోగ్యశాఖవారి నియమముల ప్రకారము మొదటిసారి ఆసుపత్రికి పోయినప్పుడే యొకమారును, సరిగా నున్నచో 24 మొదలు 28 వారముల నడుమ మరియొకమారును ఈ పరీక్ష జరుగవలెను. తొలిమారు బాగుగా నున్నదని రెండవ పరీక్షను మానరాదు. మాయ పెరిగినపిదపనే చాలమందికి చక్కెర యెక్కును. 2016 నుండి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుచున్నవి. మీ గ్రామపు ఆశా కార్యకర్తనుగాని, ఏఎన్ఎంనుగాని అడిగినచో వివరము చెప్పుదురు.

మొదటి మందు భోజనమే

పరీక్షలో తేలినంతనే మాత్ర యియ్యరు. రెండు వారములు ఆహారనియమము పాటింపజేసి, నడక చేయించి, మరల చూతురు. భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 మిల్లీగ్రాములకు లోబడి యున్నచో అదే చాలును. పరగడుపున 95కు లోబడి యుండుట మంచిది.

శ్రీనాథ మహాకవి పల్నాటికి వచ్చి ఇచ్చటి జొన్నకూటిని పరిహసించుచు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. ఆ కవి నేడు వచ్చినచో జొన్నకూటికై వెదకుకొనవలసి యుండును. 1967లో సాగరు కాలువలు పారినపిదప ఈ సీమలోని మాగాణులలో వరి పండెను. మూడు పూటలును వరియన్నమే తిను అలవాటు ప్రబలెను. వరి చెడ్డదికాదు, కుప్పగా తినుట చెడ్డది. జొన్నరొట్టెయైనను నాలుగు తినినచో చక్కెర యెక్కకపోదు. గర్భిణి పస్తుండరాదు, అన్నము పూర్తిగా మానరాదు. మూడు పూటల భోజనమును, నడుమ రెండు మూడు మారులు కొలది ఫలహారమును పెట్టుకొని, కంచములో అన్నము తగ్గించి, కూర, పప్పు, ఆకుకూర, మజ్జిగ, గ్రుడ్డు పెంచవలెను. ఉదయపు పూట చక్కెర సులభముగా నెక్కును గనుక అప్పుడు ఇడ్లీలుగాని అన్నముగాని మితముగా తినవలెను. పండ్లరసము, తీపి కాఫీ, బెల్లపు పానకము మానవలెను. బెల్లము చక్కెరకంటె మేలనుట ఈ వ్యాధి విషయమున చెల్లదు. భోజనమైన పిదప పది పదునైదు నిమిషములు మెల్లగా నడచుట మంచిది. డాక్టరు వలదనిన వారికి మాత్రము ఇది వర్తింపదు.

ఇన్సులిన్ యెందులకు ముందు?

పథ్యముతో అదుపు కానిచో మందు తప్పదు. అందు మొదటిది ఇన్సులిన్. కెనడా దేశమందలి టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు 1921లో దీనిని వెలికిదీసిరి. 1922 జనవరిలో తొలిసారి యొక బాలునకు సూదితో నెక్కించిరి. అంతకుమున్ను మధుమేహముగల స్త్రీ గర్భవతియగుట యరుదు. అయినను తల్లీబిడ్డలిద్దరును దక్కుట దుర్లభముగా నుండెను. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు పోదు. కనుకనే వైద్యులు దానిని ముందు చెప్పుదురు. గర్భకాలమున ఏ నెలయందైనను దీనిని మొదలుపెట్టవచ్చును.

అయితే ఇన్సులిన్‌కు చల్లదనము వలెను. పల్నాటిలోని రెంటచింతల యెండలకు రాష్ట్రమంతట పేరుపొందిన యూరు. వేసవిలో అక్కడి యింటిగది సీసాలోని ఇన్సులిన్‌ను చెడగొట్టగలదు. తెరవని సీసాను ఫ్రిజ్జిలో, గడ్డకట్టుచోట గాక, తలుపు వైపున నుంచవలెను. ఫ్రిజ్జి లేనివారు నీరు పోసిన మట్టికుండలో, సీసా తడవకుండ మూతగల డబ్బాలో పెట్టి, నీడపట్టున నుంచవచ్చును. గడ్డకట్టినదియు, ఎండ తగిలినదియు వాడరాదు. ఇన్సులిన్ వాడువారు భోజనము వేళ తప్పినచో చక్కెర పడిపోవచ్చును. చెమట, వణకు, మిక్కుటమైన ఆకలి, కండ్లు తిరుగుట కలిగినతోడనే మూడు చెంచాల గ్లూకోసునుగాని చక్కెరనుగాని నీటిలో కలిపి త్రావి, పిదప భోజనము చేయవలెను. ఇంటిలోని వారందరికిని ఈ సంగతి తెలిసియుండవలెను.

సూది, ఫ్రిజ్జి, వేళకు భోజనము, చక్కెరను కొలుచు యంత్రము, ఇవన్నియు ప్రతి యింటను సాగునవి కావు. మిరపకోతకు పోవు తల్లికి మరియు కష్టము. కావుననే మాత్రయొక్క ప్రసక్తి వచ్చినది.

మెట్‌ఫార్మిన్

ఐరోపాఖండమున గలేగా అను మొక్క యొకటి కలదు. దానిని పూర్వము అచ్చటి నాటువైద్యులు వాడిరి. ఆ మొక్కలోని పదార్థమునకు సన్నిహితమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున వెర్నరు, బెల్లు అను రసాయనవేత్తలు తయారుచేసిరి. 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు స్టెర్న్ దీనిని మధుమేహరోగులకిచ్చి ఫలితములను ప్రకటించెను. నేడు లోకమంతట వాడుకలో నున్న చౌకమందు ఇది. కాలేయము వెలువరించు చక్కెరను తగ్గించి, ఉన్న ఇన్సులిన్ చక్కగా పనిచేయునట్లు చేయును. ఒంటరిగా వాడినచో చక్కెరను ప్రమాదకరముగా పడవేయుట యరుదు. ఫ్రిజ్జి యక్కరలేదు.

గర్భిణులకు ఇది తగునా యని పెద్ద పరీక్ష జరిగినది. న్యూజీలాండు, ఆస్ట్రేలియా దేశములలో 751 మంది గర్భిణులను రెండు పాయలుగా విభజించి, ఒకరికి మెట్‌ఫార్మిన్, ఒకరికి ఇన్సులిన్ యిచ్చిరి. ఫలితములు 2008లో వెలువడినవి. బిడ్డలకు కలిగిన మొత్తము చిక్కులు రెండు పాయలలోను ఇంచుమించు సమానముగా, నూటికి 32 వంతున నుండెను. పసిబిడ్డలకు చక్కెర మిక్కిలి పడిపోవుట మాత్రవారిలో తక్కువ. నెలలు నిండకమునుపే కాన్పగుట వారిలో కొంచెము ఎక్కువ. మరుకాన్పున మరల ఏది కోరుదురని యడుగగా మాత్రవారిలో నూటికి 76 మందికి పైగా మాత్రనే కోరిరి. ఇందు మరువరాని సంగతి యొకటి కలదు. మాత్ర వేసికొనినవారిలో నూటికి 46 మందికి అది యొక్కటే చాలక ఇన్సులిన్‌ను కూడ చేర్చవలసివచ్చెను. కావున మాత్ర మొదలుపెట్టినపిదప చక్కెరను కొలుచుట మానరాదు. చాలనప్పుడు సూదికి ఒప్పుకొనుట ఓటమి గాదు.

మన ప్రభుత్వ నియమములలోను దీనికి చోటు కలదు. 2018 నాటి నియమముల ప్రకారము ఇన్సులిన్ మొదటిది. 20 వారములు దాటిన గర్భకాలపు మధుమేహమునకు మెట్‌ఫార్మిన్‌ను ఆలోచింపవచ్చును. సాధారణముగా 500 మిల్లీగ్రాములు దినమునకు రెండుమారులుగా మొదలుపెట్టి, అవసరమును బట్టి పెంచుదురు. దినమునకు 2 గ్రాములకు మించరాదు. ఎంత యనునది డాక్టరే నిర్ణయింపవలెను.

ఇక దీనిలోని లోపములు. మెట్‌ఫార్మిన్ మాయను దాటి బిడ్డను చేరును. అందుచేత బిడ్డలకు వికారము కలిగినట్లు తేలలేదు గాని, పెద్దపెరిగినపిదప వారి శరీరతత్త్వముపై దీని ప్రభావ మెట్టిదో వైద్యులింకను పరిశీలించుచున్నారు. పై పరీక్షలోని తల్లుల బిడ్డలను ఏడు తొమ్మిదేండ్ల వయసున చూడగా, ఆక్లండు నగరపు బిడ్డలు కొంచెము స్థూలముగా నుండిరి. అడిలెయిడు నగరపు బిడ్డలలో ఆ భేదము కానరాలేదు. ఈ కారణముననే అమెరికా మధుమేహ సంఘమువారు ఇన్సులిన్‌నే ముందు చెప్పుచున్నారు. ఇంగ్లండు నియమములవారు మెట్‌ఫార్మిన్‌ను ముందుగా నియ్యవచ్చునందురు. పండితులలోనే యిట్లు అభిప్రాయభేదము కలదు. అయినను చక్కెరను అట్లే వదలుమని యిరువురిలో నెవరును చెప్పలేదు. కడుపులోని బిడ్డ ఎదుగుదల తక్కువగా నున్నను, తల్లికి రక్తపుపోటు పెరిగినను, మూత్రపిండములు సరిగా లేకున్నను ఈ మాత్రనుగూర్చి డాక్టరు మరల ఆలోచింపవలసి యుండును. ఆ సంగతులు దాచక చెప్పవలెను.

మొదటి దినములలో కడుపు త్రిప్పుట, విరేచనములు కలుగవచ్చును. భోజనముతో వేసికొని, కొలదిగా మొదలుపెట్టినచో చాలమందికి సర్దుకొనును. తీవ్రమైన వాంతులుగాని విరేచనములుగాని కలిగి శరీరము వాడిపోయినప్పుడు, మాత్ర వేయవలెనో ఆపవలెనో ఆనాడే డాక్టరు నడుగుడు.

గ్లిబెన్‌క్లమైడు అను మరియొక మాత్రను కొందరు వాడుచుండిరి. అమెరికాలో 404 మంది గర్భిణులపై జరిపిన పరీక్ష 2000లో వెలువడి, అది ఇన్సులిన్‌తో సమానమనిపించెను. పిమ్మటి పరిశీలనలలో అది మాయను దాటుననియు, బిడ్డ మిక్కిలి పెరుగుట, పుట్టినపిదప చక్కెర పడిపోవుట ఇన్సులిన్‌కంటె అధికమనియు తేలెను. 2018లో ఫ్రాన్సునందు 914 మందిపై జరిగిన పరీక్షయు అది ఇన్సులిన్‌కు తీసిపోదని నిరూపింపలేకపోయెను. కావున మొదటిమందుగా దానిని నేడు చెప్పరు.

మామగారి డబ్బాలోని బిళ్ళ

ఇప్పుడు భర్త మాటకు వత్తము. మామగారి మాత్ర మెట్‌ఫార్మిన్ ఒక్కటియే యనుకొనుట పొరపాటు. అంగళ్ళలో దొరకు మధుమేహపు మాత్రలనేకములలో రెండేసి మూడేసి మందులు కలిసియుండును. మెట్‌ఫార్మిన్‌తో గ్లిమెపిరైడు చేర్చిన మాత్ర మన ప్రాంతమున సామాన్యము; దానివలన చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మొదలగు గ్లిప్టిన్ జాతివియు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలగు గ్లిఫ్లోజిన్ జాతివియు గర్భకాలమున వాడరానివి. గ్లిఫ్లోజిన్ జాతి మందులు జంతువులలో పిల్లల మూత్రపిండముల యెదుగుదలకు హానిచేసినట్లు కనబడినది. బరువు తగ్గుటకు నేడు వాడుచున్న సెమాగ్లుటైడును గర్భము ధరింపదలచుటకు రెండు నెలల ముందుగనే మానవలెను.

పెండ్లికి మున్నో, మొదటికాన్పు పిదపనో మధుమేహము వచ్చి మాత్రలు వాడుచున్న సోదరీమణులకు ఒక మాట. గర్భము ధరింపకమునుపే డాక్టరుతో మాటలాడి, మాత్రలు మార్పించుకొని, చక్కెరను అదుపులోనికి తెచ్చుకొనుడు. బిడ్డ గుండె, వెన్నెముక ఏర్పడునది తొలివారములలోనే. అప్పటికి చాలమందికి గర్భమైనదనియే తెలియదు. అనుకోకుండ నెల తప్పినచో భయపడి మాత్రలన్నియు ఒక్కసారిగా పారవేయరాదు. ఆలస్యము చేయక, ఒకటి రెండు దినములలోనే ఆసుపత్రికి పోయి, ఏది ఆపవలెనో, దాని స్థానమున ఏది మొదలుపెట్టవలెనో తెలిసికొనవలెను. రక్తపుపోటు, కొలెస్టరాలు మందులును అప్పుడే చూపవలెను.

పొడపత్రి చూర్ణము, కాకర రసము, సంతలో నమ్ము మధుమేహపు పొడులు గర్భిణికి క్షేమమని పరీక్షింపబడినవి కావు. కూరగా కాకరకాయ తినుడు, మందుగా వలదు.

పురుడు వచ్చిన నాడు

గర్భకాలమందే వచ్చిన మధుమేహమునకు మాయ పడిపోయినంతనే కారణము తొలగును. కావున సాధారణముగా మాత్రయు, ఇన్సులిన్‌యు ఆనాడే ఆపివేసి, చక్కెరను ఒకటిరెండుమారులు చూచి పంపుదురు. కన్నతల్లి చెప్పిన మాట యింతవరకు నిజమే.

బిడ్డకు గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. చక్కెర పడిపోకుండ కాపాడునది అదియే. ఆసుపత్రిలో బిడ్డ మడమనుండి రక్తపుచుక్క తీసి చక్కెర చూచినచో కోపగింపవలదు. 45 మిల్లీగ్రాములకు తగ్గినచో వెంటనే చికిత్స చేయవలసియుండును. తేనె నాకించుట, చక్కెరనీళ్ళు పోయుట పెద్దలు ఆచారముగా చేయుదురు. వానివలన పాలు పట్టుట ఆలస్యమగుటయేగాక అంటురోగముల భయమును గలదు.

పాలిచ్చు తల్లికి మాత్ర యక్కరయైనచో మెట్‌ఫార్మిన్ తగినది. పాలలోనికి పోవునది అత్యల్పము, తల్లి మోతాదులో నూటికి ఒక వంతునకు లోపలనే. ఇన్సులిన్‌కును అభ్యంతరము లేదు. తక్కిన క్రొత్త మాత్రలను పాలిచ్చునంతకాలము దూరముంచుట మేలు. మాత్ర వేసికొనుచున్నామని పాలు మాన్పింపకుడు. పాలిచ్చుట తల్లికిని చక్కెర విషయమున మేలే చేయును. ఇన్సులిన్ వాడుచు పాలిచ్చువారు చక్కెర పడిపోకుండ కొంచెము తిని పాలిచ్చుట మంచిది.

ఆరవ వారము

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇకమీద నున్నది. పురుడు వచ్చువరకు అందరి చూపును తల్లిపై నుండును. బిడ్డ పుట్టినపిదప అందరి చూపును బిడ్డపైకి మరలును. తల్లి చక్కెరమాట మరల నెవరును తలపరు. బాలింతకు బలమని నేతియన్నము, సున్నుండలు పెట్టుదురు. ఆమె సంవత్సరములతరబడి పరీక్షకు పోదు. గర్భకాలపు మధుమేహము వచ్చిపోయిన స్త్రీకి పిమ్మట శాశ్వతమైన మధుమేహము వచ్చు అవకాశము ఇతరులకంటె ఇంచుమించు పదిరెట్లు అధికమని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. "దానంతటదే పోవును" అను మాటలో చెప్పకవిడిచినది ఇదియే.

కావున ఆరు వారములకు మరల 75 గ్రాముల గ్లూకోసు పరీక్ష చేయింపవలెను. ఈమారు పరగడుపున పోవలెను. పరగడుపున 126 మిల్లీగ్రాములుగాని అంతకు మించిగాని, రెండు గంటలకు 200గాని అంతకు మించిగాని యున్నచో మధుమేహము నిలిచిపోయినట్లే, చికిత్స మొదలుపెట్టవలెను. రెండు గంటలకు 140 మొదలు 199 వరకున్నచో అది మధ్యస్థితి, హెచ్చరిక. ఆ సమయముననే బిడ్డకు ఆరువారముల టీకా వేయింప తీసికొనిపోదుము గదా! తల్లి ఆనాడు ఉదయము ఏమియు తినక బయలుదేరి, ఒకే ప్రయాణమున తన పరీక్షయు చేయించుకొనవచ్చును. తండానుండి మాచర్లకు రెండుమారులు పోవు శ్రమయు, కూలినష్టమును తప్పును. టీకాకు పిలుచు ఆశా కార్యకర్తతో ముందుగనే ఈ మాట చెప్పియుంచుకొనుడు. ఆనాడు ఆ పరీక్ష జరుగునట్లు ఏర్పాటు చేయుటకు వీలుకలుగును.

మధ్యస్థితిలో నున్నవారికి ఆశ లేకపోలేదు. అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షయందు, గర్భకాలపు మధుమేహము వచ్చిపోయి మధ్యస్థితిలో నున్న స్త్రీలలో కొందరు ఆహారనియమము, నడక, బరువు తగ్గించుట అవలంబించిరి. కొందరు మెట్‌ఫార్మిన్ వాడిరి. మూడేండ్లలో ఇరుపాయలవారికిని మధుమేహము వచ్చుట ఇంచుమించు సగమునకు తగ్గెను. ఇతర స్త్రీలలో మాత్రయొక్క గుణము ఇంత కానరాలేదు. అనగా ఈ మాత్ర ప్రత్యేకించి ఇట్టి తల్లులకు ఎక్కువ మేలు చేయగలదన్నమాట. అయినను నడకకు ధర లేదు. మొదట దానిని పట్టుకొనవలెను. సంవత్సరములకొలది మెట్‌ఫార్మిన్ వాడువారికి బీ12 విటమిను తగ్గవచ్చును. మాంసము, గ్రుడ్లు తిననివారు విశేషముగా జాగ్రత్తపడి, కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కినచో డాక్టరుకు చెప్పవలెను.

పరీక్ష బాగుగా నున్నను ఏటికొకమారైనను చక్కెర చూపించుకొనుడు. మరుకాన్పున మొదటినెలలలోనే డాక్టరుకు వెనుకటి సంగతి చెప్పుడు. పాత చీటీలను, పరీక్షల కాగితములను తల్లీబిడ్డల కార్డుతోపాటు ఒక సంచిలో భద్రపరచుడు; పుట్టినింటికి పోవునప్పుడును వెంట తీసికొనిపొండు. పల్నాటి పల్లెలో పరీక్ష జరిగి, పుట్టినింట ప్రసవమై, కాగితము లేక అక్కడి డాక్టరుకు ఏమియు తెలియకపోవుట సంభవింపవచ్చును.

అత్తగారికి మా మనవి యొకటి. "బిళ్ళ వలదు" అనుటకు బదులు "ఈ వారము చక్కెర ఎంత యున్నదమ్మా?" అని కోడలినడుగుడు. ఆ అంకెను జూచి మందు పెంచవలెనో, తగ్గింపవలెనో, మాన్పవలెనో డాక్టరు చెప్పుదురు. భయముచేత ఆపుటయు, పొరుగువారి మాటచేత మ్రింగుటయు రెండును వలదు. పురిటిస్నానములనాడే గోడమీది క్యాలెండరులో ఆరవ వారపు తేదీకి సున్న చుట్టి, దాని ప్రక్కన బిడ్డ టీకాయనియు, తల్లి పరీక్షయనియు రెండు మాటలు వ్రాయించుడు.